పొదుపునకు హద్దు ఏది?

వర్తకుని ఇంట పొదుపు ప్రత్యేకముగా నేర్పవలసిన విద్య కాదు. పార్సెలు విప్పిన పురికొసను చుట్టి దాచుట, కవరు వెనుక లెక్క వేయుట, మనుషులు లేని గదిలో దీపము ఆర్పుట, ఇవన్నియు పిల్లలు పెద్దలను చూచి తామే నేర్చుకొందురు. ఖర్చు తగ్గినదంటే ఇంటిల్లిపాదికి సంతోషము. కాని ఆ పైకము ఎక్కడ తగ్గినదని అడిగే అలవాటు తక్కువ. అనవసరమైనది మానుకొన్నందున తగ్గినదా? ఉన్న వస్తువును జాగ్రత్తగా వాడినందున తగ్గినదా? లేక ఇంకొకరి చేతికి పోవలసినది పోకుండ ఆగినందున తగ్గినదా? మొదటి రెండును పొదుపే. మూడవదానికి పేరు వేరే ఉన్నది. ఈ మూటిని విడదీసి చూచుటకు ఒక పాత స్కూటరు కథ చాలును. ఇది ఫలానావారి కథ కాదు, ఏ పేటలోనైన జరుగదగినది.

షోలాపురము తూర్పు భాగము తెలుగువారి నేత వాడలకు ప్రసిద్ధి. తెలంగాణ పల్లెల నుండి తరతరాల క్రిందట వలస వచ్చిన పద్మశాలీలు అచ్చట మగ్గములు నిలిపినారు. వారి దుప్పట్లు షోలాపురి చద్దరు అను పేరుతో దేశమంతట తెలిసినవి. ఏటేట శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ మహాముని రథము ఆ వీధులలో కదలును. నేత ఉన్నచోట నూలు వర్తకము, రంగుల వర్తకము ఉండక తప్పదు. అందులో జైనులకును పాలు కలదు. మోటారు యంత్రములతోను ఈ ఊరి జైనులకు సంబంధము లేకపోలేదు. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించిన వాల్‌చంద్ హీరాచంద్ 1882లో పుట్టినది షోలాపురముననే.

ఇట్టి వాడలో ఒక చిన్న నూలు వర్తకుడున్నాడనుకొనవచ్చును. అతని గోదాము మూలలో, చిరిగిన గోనెల క్రింద, తండ్రినాటి బజాజ్ చేతక్ స్కూటరు పడియున్నది. ఇటలీ దేశపు పియాజియో కంపెనీతో ఒప్పందము 1971లో ముగిసిన పిమ్మట, రాణా ప్రతాపుని గుర్రము పేరుతో 1972లో వచ్చిన బండి అది. ఆ రోజులలో డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియున్నగాని స్కూటరు ఇంటికి వచ్చెడిది కాదు. తండ్రి కూడ అట్లే వేచి కొన్నాడు. ఆయన పోయి పదునాలుగేండ్లయినది. కొడుకు దానిని నడుపలేదు, అమ్మలేదు, ఎవరికిని ఇవ్వలేదు. "నాన్నగారి బండి" అనుట ఒక్కటే మిగిలినది.

పరిగ్రహమనగా వస్తువులు ఉండుట మాత్రమే కాదు, వాటిపై మమత అని పెద్దలు చెప్పుదురు. వాడని వస్తువుపై మమత మరింత చిత్రమైనది. అది యజమానికి పనికిరాదు, ఇంకొకరికి పనికిరానీయదు. ఇనుము మాత్రము త్రుప్పు పట్టుచునే యుండును. కనుక ఈ వర్తకుని మొదటి తప్పు ఖర్చు పెట్టుటలో లేదు, పదునాలుగేండ్లు పెట్టకుండుటలో ఉన్నది.

ఆ తప్పును గుర్తుచేసినవాడు అతని దుకాణములో పనిచేయు నేతవారి కుర్రవాడు. మగ్గముల షెడ్లకు నూలు మూటలు సైకిలుపై చేరవేయుట వాని పని. ఎండాకాలములో ఒకనాడు అన్నాడు: "సేట్, మూలకు చేతక్ ఉన్నది గదా. గది బాగుచేయిస్తే నాకు సైకిల్ తొక్కుడు తప్పుతది. రెండు తిప్పల పని ఒక్క తిప్పల ఐతది."

వర్తకుడు ఆలోచించి సరేనన్నాడు. కాని హద్దు పెట్టినాడు: ఏడువేల రూపాయలు, అంతకు పైసా ఎక్కువ కారాదు.

వాడలోనే ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడు. పూర్వము మగ్గముల ఫిట్టరు. కారఖానా మూతపడిన తరువాత స్కూటర్లు, మోపెడ్లు బాగుచేసి బ్రతుకుచున్నాడు. ఆయన బండి చుట్టు ఒకసారి తిరిగి, "ముందుగాల ఏం కొనకుండ్రి సేట్. నిప్పు వస్తున్నదా, దమ్ము ఉన్నదా, పెట్రోలు దిగుతున్నదా, ఈ మూడు చూద్దాం. రంగు సంగతి ఆఖరుకు," అన్నాడు.

తక్కువ ఖర్చుతో పాత బండిని లేపదలచినవానికి ఇంతకు మించిన సలహా లేదు. చాలమంది మొదట రంగు వేయింతురు, కొత్త సీటు వేయింతురు, తరువాత ఇంజను చెడినదని తెలిసి తల పట్టుకొందురు.

పని మొదలు పెట్టుటకు ముందు ఒక చిన్న విషయము. ఏండ్లు పడియున్న బండిలో ప్రాణులు కాపురముండును. సైలెన్సరు గొట్టములో కందిరీగల మట్టిగూడు, సీటు క్రింద చీమలు, స్టెప్నీ చక్రము వెనుక బల్లి. ఒక్క కిక్కు కొట్టిన తరువాత విచారించి లాభము లేదు. వర్తకుని తల్లి మెత్తని కుంచె తెచ్చి, వాటిని ఒక్కొక్కటిగ బయటకు పంపువరకు ఎవరిని చేయి వేయనీయలేదు. దీనికి అరపూట పట్టినది, రూపాయి ఖర్చు కాలేదు.

తరువాత మిస్త్రీ టాంకులోని పాత పెట్రోలు తీసివేసినాడు. అది చెడి జిగురై వార్నిషు వాసన కొట్టుచుండెను. స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో నాలుగు చుక్కల నూనె పోసి రాత్రంతయు వదిలినాడు. పదునాలుగేండ్లు కదలని పిస్టనును ఒక్కసారిగ కిక్కు కొట్టిన రింగులు విరుగవచ్చును, సిలిండరు గీతలు పడవచ్చును. మరునాడు చేతితో మెల్లగ త్రిప్పగా ఇంజను కదలినది. మాగ్నెటో శుభ్రము చేసినపుడు ప్లగ్గుకొనను నీలపు నిప్పురవ్వ కనబడినది. కుర్రవాడు ఆ రవ్వను చూచి పండుగ వచ్చినంత సంతోషించినాడు.

అప్పుడు లెక్క వేసినారు. టైర్లకు గాడులు ఉన్నను రబ్బరు పగుళ్లు తీసినది, కనుక రెండును మార్చవలెను. ట్యూబులతో కలిపి 2,400 రూపాయలు. బ్రేకు షూలు, కేబులు తీగలు 700. ఎండిపోయిన ఆయిలు సీళ్లు, గాస్కెట్లు, ప్లగ్గు 500. గేరు నూనె, పెట్రోలులో కలుపు నూనె 300. ఈ బండిది రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలులో కలిపిన నూనెయే దాని లోపలి భాగములకు తడి. ఎక్కువైన పొగ, తక్కువైన పిస్టను పట్టివేయును. ఇక కార్బురేటరు. జిగురు కరిగించి, జెట్లు ఊది, రెండుమార్లు కడిగినను నిలువలేదు. లోపలి లోహమే తినివేయబడినది. కొత్తది 1,400.

ఇక్కడ మొదటి పరీక్ష వచ్చినది. పాత సామాన్ల బజారులో ఒకడు కుర్రవానితో, "ఐదువందలకు కార్బురేటరు ఇస్త, రేపు పొద్దుగాల రా," అన్నాడట. ఏ బండిదని అడిగితే, "బండి సంగతి నీకెందుకు?" అని నవ్వినాడట. తొమ్మిదివందలు మిగులునని కుర్రవాడు ఉత్సాహముతో వచ్చి చెప్పినాడు.

అచౌర్యాణువ్రతమునకు చెప్పబడిన అతిచారములలో తదాహృతాదానము ఒకటి, అనగా దొంగ తెచ్చినదానిని పుచ్చుకొనుట. స్తేన ప్రయోగము మరియొకటి, అనగా దొంగతనమునకు ప్రేరేపించుట. ఈ రెండింటికిని మధ్య దూరము బజారులో ఎంత తక్కువో చూడవలెను. ఈ రోజు దుకాణములో లేని సామాను రేపు ఉదయము వచ్చునన్న, రాత్రి ఎవరి వాకిట నిలిపిన బండినుండి వచ్చును? అడిగినవాడు కొనుగోలుదారు మాత్రమే కాడు, ఆ రాత్రి పనికి పురమాయించినవాడు కూడ అగును.

అంతమాత్రమున పాత సామానంతయు దొంగసొత్తు కాదు. పాత సామాను లేనిదే పేదవాని బండి నడువదు. ఏ బండినుండి విప్పినదో చెప్పి, పగటిపూట అందరి ఎదుట అమ్మి, చీటీ వ్రాసి ఇచ్చు పాత ఇనుము వ్యాపారి గౌరవనీయుడే. అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చునా లేదా అనునదే గుర్తు. వర్తకుడు కుర్రవానిని మందలించలేదు. "వద్దురా, కొత్తదే తెద్దాం," అన్నాడు. ఆ రాత్రి అతనికి తనపై తనకు కొంత గర్వము కూడ కలిగినది.

రెండవ పరీక్ష బ్రేకు షూలది. పేరున్న కంపెనీ అట్టపెట్టెను అనుకరించిన పెట్టెలో సగము ధరకు దొరకును. నకిలీని అసలు అని చెల్లించుట ప్రతిరూపక వ్యవహారము. అది అమ్మువాని పాపము. తెలిసి కొన్నవాడు మోసపోలేదు గదా అని అడుగవచ్చును. కాని బ్రేకు యజమాని కొరకు మాత్రమే కాదు. ఇరుకు సందులో మగ్గముల షెడ్డునుండి పరుగెత్తివచ్చు పసివాని కొరకును అది ఉన్నది. రంగులో, అద్దములో, సీటు గుడ్డలో ఎంతైన తగ్గించుకొనవచ్చును. టైరులో, బ్రేకులో తగ్గించినది ఇతరుల ప్రాణములపై చేసిన అప్పు. వర్తకుడు మంచి షూలే కొన్నాడు. రంగు మానుకొన్నాడు. త్రుప్పు గీకి, ఎర్రమన్ను రంగు మాత్రము పూయించినాడు.

మూడవది కాగితములు. సొంత బండి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. తరువాత బండిని చూపించి మరల పొందవలెను. యజమాని మరణించిన, వారసుని పేర మార్పించవలెను. భీమా, పొగ పరీక్ష వేరే. "వాడ దాటి పోదుగదా సేట్, ఎవరడుగుతరు?" అని అందరును అన్నారు. రాజ్య నియమమును దాటి నడచుటయు ఒక అతిచారమే. దాని పేరు విరుద్ధరాజ్యాతిక్రమము. ఈ ఖర్చును బాగుచేత లెక్కలో కలుపక వేరుగా వ్రాసి, తండ్రి పేరనున్న బండిని తన పేరికి మార్పించినాడు.

సామానులకు 5,300 అయినది. మిగిలినది మిస్త్రీ కూలి. మూడు రోజుల పనికి ఆయన 2,400 అడిగినాడు. వర్తకుడు 1,500 అన్నాడు. ముసలివాడు ఒక నిమిషము నేల చూచినాడు. జూన్ నెల, మనుమరాలి బడి ఫీజు కట్టవలసిన రోజులు. ఆ సంగతి వర్తకునకు తెలియును. "సరే సేట్," అన్నాడు. మొత్తము 6,800. ఏడువేల హద్దు నిలిచినది.

బండిని ఒక పక్కకు వంచి, నిలబెట్టి, నాలుగవ కిక్కునకు ఇంజను లేచినది. మొదట నల్లని పొగ, తరువాత తెల్లని పొగ, పిమ్మట నిదానమైన చప్పుడు. ఆ చప్పుడు విని తల్లి లోపలినుండి వచ్చి, ఏమియు అనక, గుమ్మము దగ్గర కొంతసేపు నిలబడినది.

మూడు నెలలు బండి చక్కగా నడచినది. దశలక్షణ పర్వములలో ఒక రాత్రి వర్తకుడు పాత లెక్కలు సరిచూచుకొనుచు, ఒక చోట ఆగినాడు. దొంగ కార్బురేటరు కొనక తాను వదులుకొన్నది 900. మిస్త్రీ కూలిలో తగ్గించినది 900. అంకె ఒక్కటే. ఒక చేతితో విడిచినదానిని రెండవ చేతితో తీసికొన్నాడు. మొదటిదానికి గర్వపడినాడు, రెండవది గుర్తే లేదు.

బేరమాడుట దొంగతనమా అని వర్తకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. బేరము లేనిదే బజారు లేదు. ఇద్దరిలో ఎవరైన "వద్దు" అని లేచిపోగల స్థితిలో ఉన్నప్పుడు కుదిరిన ధర ఇద్దరిదిని. కాని ఒకడు లేచిపోలేడని రెండవవానికి తెలిసి, ఆ తెలివినే తూకపు రాయిగ వేసినప్పుడు, అది బేరము కాదు. హీనాధిక మానోన్మానమని పెద్దలు చెప్పినది తక్కెడకు మాత్రమే వర్తించునా? పనిని పెద్ద కొలతతో పుచ్చుకొని, కూలిని చిన్న కొలతతో ఇచ్చుట కూడ రెండు రకముల తూకపు రాళ్లు పెట్టుకొనుటయే. దొంగసొత్తును గుర్తుపట్టుట సులభము, అది అపరిచితుని చేతిలో ఉండును. సొంత గల్లాపెట్టెలో ఉన్న ఇతరుల సొమ్మును గుర్తుపట్టుట కష్టము.

క్షమావాణి నాడు వర్తకుడు బంధువుల ఇండ్లకు పోయి క్షమాపణలు చెప్పుకొన్న తరువాత, మిస్త్రీ షెడ్డుకు నడచిపోయినాడు. చేతులు జోడించినాడు. ముసలివాడు కంగారుపడి లేచి, "నన్నేం చేసిన్రు సేట్, మాఫీ ఎందుకు?" అన్నాడు. వర్తకుడు తొమ్మిదివందలు ఆయన చేతిలో పెట్టి, "ఇది నీదే, మూడు నెలలు నా దగ్గర ఉన్నది," అన్నాడు. మిస్త్రీ నోట్లు లెక్కపెట్టలేదు. "ఫీజుకు అప్పుడు అప్పు చేసిన సేట్. గది ఇంక తీరలే," అని మాత్రము చెప్పి జేబులో పెట్టుకొన్నాడు.

ఇచ్చిన పైకము ఆ అప్పునకు సరిపోవును గాని, మూడు నెలల వడ్డీకి సరిపోదు. ఆ మాట వర్తకునకు దారిపొడవున తోచుచునే యుండెను. ఆలస్యముగా ఇచ్చిన న్యాయములో ఎప్పుడును కొంత తక్కువ మిగులును. కనుకనే కూలి మాట్లాడునాడే మెలకువ కావలెను.

ఆ సాయంత్రము అతడు లెక్కల పుస్తకము తెరచి, పాత అంకెను కొట్టివేసి క్రొత్తది వ్రాసినాడు: స్కూటరు బాగుచేత ఖర్చు, 7,700 రూపాయలు. పెట్టుకొన్న హద్దు ఏడువందలు దాటినది.