నేను చెప్పిన నిజం తప్పా?

నిజమే చెప్పవలెను అని ఒకటో తరగతి నుంచి చదువుతున్నాము. హరిశ్చంద్రుడి కథ మా అవ్వ ఎన్ని మార్లు చెప్పిందో లెక్క లేదు. కానీ నిజం చెప్పడం వల్ల మన ఇంటికే నష్టం వస్తే, అప్పుడు కూడా అది మంచిదేనా? ఈ ప్రశ్న నాకు పుస్తకంలో రాలేదు, ఆసుపత్రిలో వచ్చింది.

ఛత్రపట్టి, సముసిగాపురం ఊళ్లలో నేసే బ్యాండేజీ గుడ్డ ఎన్నో ఊళ్ల ఆసుపత్రులకు పోతుందని మన పిల్లలందరికీ తెలుసు. మా నాయన పవర్‌లూమ్ మీద ఆ గుడ్డే నేస్తారు. పదిమంది కూడా లేని చిన్న చోటు గనుక ఈఎస్ఐ లేదు. అందుకని రెండేళ్ల ముందు ఒక ఏజెంటు దగ్గర ఆరోగ్య బీమా తీసుకున్నారు. ఫారం ఇంగ్లీషులో ఉండింది. ఏజెంటే గడులన్నీ నింపి, "ఇక్కడ సంతకం పెట్టండి" అంటే నాయన పెట్టినారు. "ఏమైనా జబ్బు ఉందా?" అనే గడిలో "లేదు" అని ఉండింది. నాయనకు అప్పటికే రెండేళ్లుగా షుగరు ఉంది.

పోయిన ఏడాది నాయన కాలికి మేకు గుచ్చుకుంది. షుగరు ఉన్నవాళ్లకు పుండు తొందరగా మానదు. పాదం వాచి, చీము పట్టి, జ్వరం వచ్చింది. మదురైలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుని పోయినాము. డాక్టరమ్మ కేసు కాగితం పెట్టుకుని, "షుగరు ఎన్నాళ్లుగా ఉంది?" అని అడిగింది. పక్కనుంచి మామ నా చెయ్యి గిల్లి, "ఇప్పుడే తెలిసిందని చెప్పు. అబద్ధమాడినా అతికినట్టుండాల" అని మెల్లగా అన్నాడు. నాయన పాత మందు చీటీలు నా చేతిలో ఉన్నాయి. నేను "నాలుగేళ్లు" అన్నాను.

మరునాడు బీమా కంపెనీ నుంచి జవాబు వచ్చింది. పాలసీకి ముందే జబ్బు ఉంది, ఫారంలో చెప్పలేదు, అందుకని డబ్బు ఇవ్వము అని. బిల్లు 78,000 రూపాయలు. అమ్మ తన గొలుసు తీసి మామ చేతికిచ్చింది, కుదువ పెట్టడానికి. ఎవరూ నన్ను తిట్టలేదు. మామ మాత్రం, "నీ ఒక్క మాట విలువ డెబ్బై ఎనిమిది వేలు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మామ చదువుకున్నవాడు. "తిరుక్కురళ్ చదవలేదా? దోషం లేని మేలు చేస్తే అబద్ధం కూడా నిజంతో సమానమని వళ్ళువరే చెప్పినాడు కదా" అన్నాడు. మేము తమిళ పాఠంలో అది చదివినాము. అందుకే నేను చాలా రోజులు ఆలోచించినాను. వళ్ళువరు మేలు అని మాత్రం అనలేదు, దోషం లేని మేలు అన్నాడు. నేను అబద్ధం చెప్పి ఉంటే దానిలో దోషం లేదా?

మొదట, డాక్టరుకు ఒక మాట, కంపెనీకి ఒక మాట చెప్పడానికి వీలు లేదు. డాక్టరు రాసిన కేసు కాగితాన్నే కంపెనీ చూస్తుంది. షుగరు కొత్తదని చెబితే డాక్టరమ్మ కూడా కొత్తదనే అనుకుంటుంది. వైద్యం ఆ మాట మీదే నడుస్తుంది. నాయన కాలు పోయే ప్రమాదం ఉన్న రోజు అది.

రెండవది, ఆ డబ్బు ఎవరిది? మన వైపు పెళ్లిలో మొయి రాస్తాము. మనము రాసిన మొయి మన ఇంటి పెళ్లిలో మనకు తిరిగి వస్తుంది. బీమా అలా కాదు. వేలమంది కట్టిన డబ్బు ఒక ఉండిలో పడుతుంది. అందులో జబ్బు పడిన కొందరికి అది పోతుంది. జబ్బు పడనివాడికి ఏమీ తిరిగి రాదు. కానీ అతని డబ్బు వృథా కాలేదు, ముక్కూ మొహం తెలియని ఒకరి ఆపరేషనుకు పోయింది. కంపెనీని మోసం చేస్తున్నామని మనము అనుకుంటాము, కానీ ఆ ఉండిలో మన లాంటి నేతగాళ్ల డబ్బు కూడా ఉంటుంది.

అయితే నాకు ఇంకొక ప్రశ్న కూడా వచ్చింది. జబ్బు ఉందని నిజం చెప్పినవాడిని మూడేళ్ల వరకు ఆ జబ్బుకు డబ్బు ఇవ్వకుండా కాచుకోమనవచ్చు. అది నియమం. అవసరం ఎక్కువ ఉన్నవాడే ఎక్కువ కాలం కాచుకోవాల్నా? ఇది న్యాయమా? కంపెనీ వైపు చూస్తే, జబ్బు వచ్చిన తర్వాతే అందరూ చేరితే ఉండి నిండదు. నాకు అది అర్థమవుతుంది. కానీ జబ్బుపడిన మనిషి వైపు చూస్తే మనసు ఒప్పుకోదు.

అందుకే ప్రభుత్వ పథకాలు కావాలని నాకు తోస్తుంది. ఆంధ్రలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. మన తమిళనాడులో 2009లో కలైంజర్ కాప్పీట్టు తిట్టం, 2012లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం వచ్చినాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. ఇప్పుడు ఒక కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం చూస్తారు, ముందే ఉన్న జబ్బుకు కాచుకోమనరు. కానీ ముఖ్యమంత్రి పథకం కార్డుకు ఏడాది ఆదాయం 1,20,000 లోపల ఉండాలి. నాయన, అమ్మ ఇద్దరి సంపాదన కలిపితే కొంచెం ఎక్కువ. మామ దానికీ ఒక అబద్ధం దారి చెప్పినాడు. ఈసారి వద్దన్నది నాయనే.

ఇంటికి వచ్చినాక నేను బిల్లు ముందర పెట్టుకుని డిక్షనరీతో ఒక్కొక్క వరుస చదివినాను. గ్లౌజులు, క్రేప్ బ్యాండేజీ లాంటివి మామూలు పాలసీలో బీమా వాళ్లు ఇవ్వరని తెలిసింది. గాజు బ్యాండేజీ గుడ్డ మాత్రం ఆపరేషను ఖర్చులోనే కలవాలని బీమా జాబితాలో ఉంది, మా బిల్లులో విడిగా వేసి ఉండింది. మా నాయన నేసే గుడ్డ మా నాయన బిల్లులోనే! ఇంకొకటి కూడా తెలుసుకున్నాను. పాలసీలో గది అద్దె 2,000 వరకే అని ఉండి, మనము 4,000 గదిలో చేరితే, గది తేడా ఒకటే కాదు, చాలా పాలసీలలో డాక్టరు ఫీజు లాంటివి కూడా సగానికి తగ్గించి ఇస్తారు. ఇవన్నీ ముందే కాగితంలో ఉంటాయి. చదవలేదు, అంతే.

కాబట్టి తప్పు ఎవరిది? ఏజెంటు "లేదు" అని రాసినాడు. నాయన చదవకుండా సంతకం పెట్టినారు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే, ఆ కాగితం రెండేళ్లు బీరువాలో ఉన్నా నేను తీసి చూడలేదు. పాలసీ చేతికి వచ్చిన తర్వాత చదివి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయడానికి ఇప్పుడు 30 రోజులు గడువు ఉంది. ముఖ్యమైన సంగతులు సులభమైన మాటల్లో, అడిగితే మన ప్రాంత భాషలో కూడా ఇవ్వాలి. మేము అడగలేదు.

మామ చెన్నైలోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేద్దామన్నాడు. దానికి ఖర్చు లేదు, ముందు కంపెనీకి రాసి ఒక నెల చూడాలి. నాయన కాసేపు ఊరకుండి, "ఏజెంటు రాసినాడు నిజమే, కానీ సంతకం నాది కదమ్మా" అన్నారు. ఫిర్యాదు చేయలేదు. ఆయన చేసింది సరేనా అని నేను ఇప్పటికీ చెప్పలేను. కానీ ఒకటి మాత్రం తెలుసు. మొదటి రోజే షుగరు ఉందని రాసి ఉంటే, అప్పుడు కూడా ఈ బిల్లుకు డబ్బు వచ్చేది కాదు, రెండేళ్లే గడిచినాయి గనుక. కానీ ఇంకొక ఏడాదికి వచ్చేది. అబద్ధం వల్ల పాలసీయే రద్దయింది, కాచుకున్న రెండేళ్లూ పోయినాయి.

పోయిన నెల నాయన కొత్త ఫారం తెచ్చినారు. వంటింట్లో కూర్చుని నేను ఒక్కొక్క ప్రశ్న తెలుగులో చెప్పినాను, ఆయన జవాబు చెప్పినారు. షుగరు గడి దగ్గర నా పెన్ను ఆగింది. "ఉందని రాయి. మూడేళ్లు కాచుకుందాము, అంతవరకు నా కాలు నేను చూసుకుంటాను" అన్నారు. కట్టవలసిన డబ్బు ముందుకన్నా ఎక్కువ. అమ్మ గొలుసు ఇంకా విడిపించలేదు.

నేను చెప్పిన నిజం తప్పా? తప్పు కాదని నమ్ముతున్నాను. కానీ నిజం ఆలస్యంగా చెబితే దాని ధర ఎక్కువ. తోటి విద్యార్థులారా, మీ ఇంటి బీరువాలో కూడా ఇటువంటి కాగితం ఉంటుంది. ఈ రోజు ఇంటికి పోయి దాన్ని తీసి, అమ్మానాయనల ఎదుట కూర్చుని, బిగ్గరగా చదవండి.