టీకా శరణాగతికి భంగమా?

సర్వరక్షకుడైన శ్రీమన్నారాయణుని ఆశ్రయించినవారికి టీకాలతోను పరీక్షలతోను పని యేమి అని కొందరు ఆస్తికులు ప్రశ్నింతురు. అడుగువారి విశ్వాసము నిజమైనది. కనుక ఆ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు.

మన ఆచార్యులు చెప్పిన ఉపాయాంతర త్యాగము మోక్షవిషయకము. ప్రపన్నుడు ఆకలికి అన్నము మానలేదు, జ్వరమునకు కషాయము మానలేదు. కషాయమునకు లేని దోషము టీకాకు ఎట్లు వచ్చును? ఇంతవరకు వాదము సులభమే. కాని దీనిని "నా దేహము, నా విశ్వాసము" అని మాత్రమే చూచుటలో అసలు లోపమున్నదని నాకు తోచుచున్నది.

తట్టు వ్యాధినే తీసికొందము. దగ్గుతో, తుమ్ముతో వెలువడిన దాని క్రిములు రోగి వెడలిపోయిన పిదపకూడ రెండు గంటలవరకు గాలిలో నిలువగలవు. ఒంటిపై దద్దురు పొడసూపుటకు నాలుగు దినములు ముందునుండియే అది ఇతరులకు సోకును. "కొంచెము పడిశము, అంతే" అనుకొను దినములవి. మన దేశమున తట్టు టీకా తొలి మోతాదును సాధారణముగా బిడ్డకు 9 నెలలు నిండిన తరువాతనే వేయుదురు. పుట్టువెండ్రుకలు సమర్పించుటకు తిరుమలకు తెచ్చిన ఏడు నెలల పసికందు తల్లి ఒడిలో, క్యూ కాంప్లెక్సులో, గంటలకొలది ఉండును. ఆ బిడ్డకు కవచము చుట్టునున్నవారి టీకాయే.

భగవదపచారముకంటె భాగవతాపచారము ఘోరమని మన సంప్రదాయము. భాగవతుని మాటతో నొప్పించుటయే అపచారమైనప్పుడు, శ్వాసతో వ్యాధి నంటించుట ఏమగును? తెలియక చేసినది వేరు. తెలిసికొను మార్గముండగా తెలిసికొనకుండుట వేరు. కోవిడ్ కాలమున, 2020 మార్చి 20 నుండి జూన్ వరకు, తిరుమలలో భక్తులకు దర్శనము నిలిచినది. స్వామి కైంకర్యములు ఏకాంతముగా సాగినవి. 2021 సెప్టెంబరులో రెండు మోతాదుల టీకా పత్రమునో, మూడు దినములలోపు చేయించిన పరీక్షలో వ్యాధి లేదను పత్రమునో తేవలెనని నియమించిరి. ఆ నియమము నేడు లేదు. దాని వెనుకనున్న ధర్మము మాత్రము పోలేదు.

చేతుల శుభ్రత మాట కూడ. ప్రసాదమునకు ముందు నీళ్ళు చిలకరించుకొనుట చాలదు. సబ్బుతో రుద్ది కడుగవలెను. టైఫాయిడ్ తగ్గినవారిలోను కొందరు ఏ బాధయు లేకయే ఆ క్రిమిని మోయుచుందురు. వంటచేయువారు ఇది గుర్తెరుగవలెను.

ఇక కష్టమైన సందర్భము. టిక్కెట్టు ఎన్నడో తీసికొన్నది, ప్రయాణము రేపు, ఒళ్ళు వెచ్చబడినది. ఆగవలెను. సొమ్ము తిరిగి రాకపోవచ్చును, తోడివారు నొచ్చుకొనవచ్చును. ఇంటి మందిరమున వేంచేసియున్న అర్చామూర్తియు ఆ స్వామియే.