ప్లగ్గు చెప్పే సాక్ష్యం

అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపేవాళ్లకు ఒక అలవాటుంది. పావు మైలు పరుగు ముగిసే గీత దాటగానే, యాక్సిలరేటర్ మీద కాలు తియ్యకుండానే ఇగ్నిషన్ కట్టేస్తారు. కారు దానంతటది దొర్లుకుంటూ పోయి ఆగుతుంది. ఇంజను కాసేపు ఐడిల్‌లో తిరిగిందంటే పూర్తి వేగంలో పడిన గుర్తులు మారిపోతాయి, అందుకే ఆ తొందర. తర్వాత బానెట్ ఎత్తి స్పార్క్ ప్లగ్గులు విప్పుతారు, లైటున్న భూతద్దం పెట్టి పింగాణీని చూస్తారు. దాని మీద సన్నని నల్ల చుక్కలు కనిపిస్తే సిలిండర్‌లో పెట్రోల్ సవ్యంగా మండలేదు, విస్ఫోటంలా పేలింది. చుక్కలతో పాటు వెండిలా మెరిసే నలుసులు కూడా ఉంటే ఇంకా చెడ్డ కబురు. అవి పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. డ్రైవరుకు మాత్రం ఆ పరుగు అద్భుతంగా అనిపించి ఉండొచ్చు.

విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా బైకు మెకానిక్కులు ఇదే విద్యను భూతద్దం లేకుండా చేస్తారు. ప్లగ్గు కొస బిస్కెట్ రంగులో ఉంటే బండి బాగున్నట్టు. నల్లగా మసి పట్టిందంటే పెట్రోల్ ఎక్కువ తాగుతోంది, తెల్లగా పాలిపోయిందంటే వేడెక్కిపోతోంది. ‘పికప్ బ్రహ్మాండంగా ఉంది’ అని యజమాని ఎంత చెప్పినా మెకానిక్ పట్టించుకోడు. ముందు ప్లగ్గు విప్పుతాడు.

మతం, తత్త్వం గురించి ఆలోచించేవాళ్లను రెండు శతాబ్దాలుగా వేధిస్తున్న ఒక ప్రశ్నకు ఈ గ్యారేజీ పద్ధతితో దగ్గరి సంబంధముంది. సీసాలోంచి వచ్చిన దివ్యానుభవం అసలైనదా, నకిలీదా? సంబంధం పోలికతో ఆగేది కూడా కాదు. రేసుకారు సీసాలో ఉన్నదీ, ఆ తత్త్వవేత్తలు పీల్చిందీ ఒకటే వాయువు, నైట్రస్ ఆక్సైడ్.

2001లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా చూసినవాళ్లలో చాలామంది నైట్రస్‌ను ఏదో పేలుడు ఇంధనం అనుకున్నారు. అది ఇంధనమే కాదు. నైట్రస్ తనంతట తాను మండదు. సిలిండర్‌లో దాదాపు 300 డిగ్రీల వేడి తగిలేసరికి నైట్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. మామూలు గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతం ఉంటే, నైట్రస్‌లో 36 శాతం. పైగా సీసాలో సుమారు వెయ్యి పీఎస్ఐ ఒత్తిడిలో ద్రవంగా ఉన్నది బయటికి రాగానే ఆవిరై, లోపలికి వెళ్లే గాలిని చల్లబరిచి చిక్కబరుస్తుంది. అది చేసే సాయం ఈ రెండే. ఆ అదనపు ఆక్సిజన్‌కు తగినంత పెట్రోల్ కూడా అదే క్షణంలో అందాలి. అందకపోతే మిశ్రమం పలచబడి, వేడి పెరిగి, ఒక్క పరుగులో పిస్టన్ తలకు చిల్లు పడుతుంది. సీసా శక్తినిస్తుందన్న మాట సగమే నిజం. ఉన్న ఇంధనాన్ని ఎక్కువగా, వేగంగా మండించుకునే వీలు మాత్రమే అది ఇస్తుంది.

అందుకే అనుభవమున్న ట్యూనర్లు సీసా కంటే ముందు ప్లగ్గుల మాటెత్తుతారు. ప్లగ్గు మొన దాదాపు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి తనంతట తాను కాలి శుభ్రమవుతుంది. తొమ్మిది వందల దరిదాపులకు పోతే మొనే నిప్పుకణికగా మారి, స్పార్క్ పడకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. ప్లగ్గు బతకాల్సింది ఈ రెండు హద్దుల మధ్య. మొన చుట్టూ పింగాణీ పొడుగ్గా ఉంటే వేడి సిలిండర్ హెడ్‌లోకి దిగడానికి ఎక్కువ దూరం నడవాలి, అది హాట్ ప్లగ్. పొట్టిగా ఉంటే వేడి త్వరగా దిగిపోతుంది, అది కోల్డ్ ప్లగ్. స్పార్క్ బలానికీ ఈ పేర్లకూ సంబంధం లేదు. నైట్రస్‌తో 75 నుంచి 100 హార్స్‌పవర్ అదనంగా పిండాలనుకుంటే ఒక మెట్టు చల్లని ప్లగ్గుకు మారాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అయితే 6వ నంబరు తీసి 7 వెయ్యాలి, బాష్ కంపెనీవాటిలో అంకెలు తిరగబడి 7 తీసి 6 వెయ్యాలి. (ఈ తిరకాసు ఎన్ని ఇంజన్లను మింగిందో.) 1.1 మిల్లీమీటర్లున్న గ్యాపును 0.8, 0.9కి దగ్గరచెయ్యాలి, లేకపోతే పెరిగిన ఒత్తిడిలో స్పార్క్ ఆ సందును దాటలేక ఆరిపోతుంది. ప్రతి 50 హార్స్‌పవర్‌కూ స్పార్క్ పడే టైమింగ్‌ను రెండేసి డిగ్రీలు వెనక్కి జరపాలి. పెట్రోల్ పంపు ఆ అదనపు భారాన్ని మోస్తుందో లేదో చూసుకోవాలి. ఇవన్నీ అయ్యాకే సీసా బిగింపు.

బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే శంకరాచార్యులు పెట్టిన షరతు ఈ వరసలోనిదే. నిత్యమేదో అనిత్యమేదో తెలిసిన వివేకం, ఇహపర భోగాల మీద విరక్తి, శమదమాది గుణాలు, మోక్షం కావాలన్న తపన, ఈ నాలుగూ కుదిరాకే బ్రహ్మజిజ్ఞాస. అంత వేడి తట్టుకునే అధికారి ముందు తయారు కావాలి. అలాగని చల్లదనం మితిమీరినా తంటానే. మరీ కోల్డ్ ప్లగ్గు వేసుకుని ఊళ్లో ట్రాఫిక్‌లో తిరిగితే మొన 450 డిగ్రీలకు చేరనే చేరదు, మసి పట్టి ఇంజను మిస్సింగ్ కొడుతుంది. వైరాగ్యం ముదిరి పక్కింటివాడితో కూడా మాట్లాడలేని స్థితికి చేరిన సాధకులు లేకపోలేదు.

‘అంతా బాగానే ఉంది కానీ, సీసాలోంచి వచ్చిన బలం ఆ ఇంజనుది ఎలా అవుతుంది?’ అని అడిగేవారుంటారు. 1976 డేటోనా 500 రేసు నిర్వాహకులు కాదనే తీర్పిచ్చారు. అర్హత పరుగుల్లో మొదటి రెండు స్థానాలు సంపాదించిన ఎ.జె. ఫాయిట్, డారెల్ వాల్‌ట్రిప్‌ల కార్లలో నైట్రస్ ఏర్పాటు బయటపడిందని వాళ్ల సమయాలు కొట్టేశారు. అయితే అది రూల్‌బుక్ తీర్పు. కొన్ని డ్రాగ్ రేసు తరగతుల్లో అదే సీసా దర్జాగా, అనుమతితో కూర్చుంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ విమానాలు పలచని గాలిలో ఎత్తుకు పోవడానికి జీఎం-1 పేరుతో ఈ వాయువునే వాడాయి, అక్కడ దాన్ని మోసమనే ప్రశ్నే లేదు. అసలు మామూలు గాలి మాత్రం ఇంజను సొంతమా? అదీ బయటినుంచి పీల్చుకున్నదే. బయటినుంచి వచ్చింది కాబట్టి నకిలీ అనే వాదం ధ్యానమందిరంలో కూడా నిలబడదు. ఉపవాసం, జాగరణ, కుంభకం ఇవన్నీ శరీరంలోని రసాయనాలను కదిలించేవే. శివరాత్రి జాగరణ చేసిన భక్తుడికి తెల్లవారుజామున కలిగిన తన్మయత్వాన్ని నిద్రలేమి ఖాతాలో రాసేసి కొట్టెయ్యడానికి మనసొప్పదు.

కార్ల కోసం అమ్మే నైట్రస్‌లో పది లక్షల పాళ్లకు సుమారు వంద పాళ్లు సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. ఎవరూ పీల్చకూడదని. ఆ జాగ్రత్త ఎందుకు అవసరమైందో తెలియాలంటే 1799లో బ్రిస్టల్‌కు వెళ్లాలి. అక్కడి న్యుమాటిక్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త ఈ వాయువును తన మీదే పరీక్షించుకున్నాడు. ఆ డిసెంబర్‌లో మూసిన పెట్టెలో కూర్చుని గంటంబావు సేపు నైట్రస్ పీల్చాడు. బయటికొచ్చి, ఆలోచనలు తప్ప జగత్తులో ఇంకేమీ లేదని ప్రకటించాడు. విజ్ఞానవాద బౌద్ధులు తరాల తరబడి తర్కించి చేరిన చోటికి గంటంబావులో చేరాడన్నమాట. కానీ అదే డేవీ నిజాయితీగా ఇంకో సంగతి కూడా రాసిపెట్టాడు. ఎవరైనా ఆ వాయువు పీలుస్తూ కనబడినా, చివరికి ఖాళీ సంచి కంటపడినా, తనకూ పీల్చాలనే కోరిక లేచేదట.

తత్త్వచర్చలోకి ఈ వాయువును గట్టిగా లాక్కొచ్చినవాడు హార్వర్డ్ ఆచార్యుడు విలియం జేమ్స్. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆమ్‌స్టర్‌డామ్ అనే ఊళ్లో బెంజమిన్ పాల్ బ్లడ్ అనే ఆయన, మత్తుమందు దిగి తెలివి వచ్చే క్షణంలో సృష్టి రహస్యం తెలుస్తుందంటూ 1874లో ఒక చిన్న పుస్తకం వేశాడు. జేమ్స్ దాన్ని సమీక్షించాడు, తానూ పీల్చి చూశాడు. 1882లో హెగెల్ మీద రాసిన వ్యాసానికి ఆ అనుభవాన్ని తోకగా తగిలించాడు. వ్యతిరేకాలన్నీ ఒకటైపోయినట్టు, హెగెల్ బలమూ బలహీనతా తేటతెల్లమైనట్టు అనిపించిందట. ఆ మైకంలో పేజీలకు పేజీలు రాశాడు. దిగాక చదువుకుంటే అదంతా అర్థంపర్థం లేని వాగుడు.

అక్కడితో వదిలేస్తే అదొక సరదా కథ. జేమ్స్ వదల్లేదు. 1901-02లో ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో, తర్వాత పుస్తకంగా వచ్చిన ‘ది వెరైటీస్ ఆఫ్ రిలిజియస్ ఎక్స్‌పీరియన్స్’లో, మార్మిక అనుభవాల అధ్యాయంలో మళ్లీ నైట్రస్ ప్రస్తావన తెచ్చాడు. అదే అధ్యాయంలో వివేకానందుల ‘రాజయోగం’ కూడా ఉండడం యాదృచ్ఛికం కాదు. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్ర ఉద్దేశాన్ని వివరించిన ఆ సన్యాసి, 1896లో హార్వర్డ్ తత్త్వశాస్త్ర విద్యార్థుల ముందు వేదాంతం మాట్లాడాడు. ‘రాజయోగం’ వచ్చింది కూడా ఆ ఏడాదే. సాధన లేకుండానే ఎవరైనా సమాధి స్థితిలోకి తట్టుకుని పడొచ్చని అందులో ఆయన ఒప్పుకున్నాడు. అయితే అలా పడినవాళ్లకు సత్యంతో పాటు ఏదో ఒక మలినం కూడా అంటుకుంటుందన్నాడు. నిద్రపోయిన మూర్ఖుడు మూర్ఖుడిగానే లేస్తాడు, సమాధి నుంచి లేచినవాడు జ్ఞానిగా లేస్తాడు, తేడా పట్టుకునేది అక్కడేనన్నాడు. జేమ్స్‌కు కావలసిన కొలబద్ద సరిగ్గా ఇదే. అనుభవం ఎక్కడినుంచి వచ్చిందో కాదు, మనిషిలో ఏం మిగిల్చిందో చూడాలన్నది అతని పక్షం.

పతంజలి ఇంకా ముందే ఈ లెక్క తేల్చిపెట్టాడు. యోగసూత్రాల నాలుగో పాదం మొదలే సిద్ధులు అయిదు దారుల్లో వస్తాయంటుంది: పుట్టుక, ఓషధి, మంత్రం, తపస్సు, సమాధి. మందు తాగి సంపాదించిన సిద్ధిని ఆయన అబద్ధమనలేదు, జాబితాలో రెండో స్థానమిచ్చాడు. కొన్ని సూత్రాలు దాటాక మాత్రం, ధ్యానం నుంచి పుట్టిన చిత్తం ఒక్కటే వాసనల మడ్డి లేనిదని విడదీశాడు.

ఇక్కడొక చిక్కుంది. వివేకానందుడు మార్పు మిగలాలంటాడు, పతంజలి ఏమీ మిగలకూడదంటాడు. మరి ఏది చూడాలి? డేవీ ఖాళీ సంచి దగ్గర ఈ చిక్కు కొంత విడుతుంది. అతనిలో ఆ అనుభవం మిగిల్చింది మళ్లీ అదే కావాలనే తహతహ. సరిగ్గా మండిన సిలిండర్‌లో ప్లగ్గు బిస్కెట్ రంగుకు తిరుగుతుంది, అదీ మార్పే. కానీ దాని మీద పిస్టన్ లోహం ఉండదు. మనిషి స్వభావం తేరుకోవడం వేరు, అతనిలోంచే ఒక ముక్క కరిగి ఎగిరిపోవడం వేరు. ఈ రెండో రకం ఇప్పుడు ఆసుపత్రుల్లో కనబడుతోంది. సరదాకి నైట్రస్ పీల్చడం అలవాటైన కుర్రవాళ్లలో బి12 విటమిన్ పనిచెయ్యకుండా పోయి, నరాలు దెబ్బతిని, కాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడుతోంది. బ్రిటన్ 2023 నవంబర్‌లో దీన్ని నిషేధిత మాదకద్రవ్యాల్లో చేర్చింది.

జేమ్స్‌లో ఆ వాయువు తహతహ మిగిల్చినట్టు ఆధారం కనిపించదు. మిగిలింది ఒక అనుమానం. మెలకువలోని తెలివి ఒక్కటే తెలివి కాదని, పలచని తెర అవతల వేరే రకాలున్నాయని, వాటిని లెక్కలోకి తీసుకోకుండా విశ్వం పద్దు మూసెయ్యకూడదని. ఆ అనుమానం అతన్ని చివరిదాకా వదల్లేదు. 1910లో చనిపోయే కొద్ది వారాల ముందు అచ్చయిన వ్యాసం అదే బెంజమిన్ బ్లడ్ మీద.

అయినా ఆ అనుభవాన్ని జేమ్స్ అందరి నెత్తినా రుద్దలేదు. మార్మిక అనుభవం పొందినవాడికి అది ప్రమాణం, ఇతరులు దాన్ని తలవంచి ఒప్పుకోనక్కర్లేదు, అలాగని కొట్టిపారెయ్యడానికీ వాళ్లకు హక్కు లేదన్నాడు. గురువుగారి సమాధిని చూపించి శిష్యుల చేత సంతకం పెట్టించుకునే మఠాలకు ఈ మాట రుచించకపోవచ్చు. ట్యూనర్లకు మాత్రం ఇది కొత్త కాదు. వీ8 ఇంజనులో ఎనిమిది ప్లగ్గులుంటే ఎనిమిదీ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో తారుమారు కాకుండా వరసగా పేర్చి చూస్తారు. ఇన్‌టేక్‌లో నైట్రస్, పెట్రోల్ అన్ని సిలిండర్లకూ సమానంగా చేరవు. మూడోది చక్కగా బిస్కెట్ రంగులో ఉన్న పరుగులోనే ఏడోది అల్యూమినియం కక్కి ఉండొచ్చు.