దోషమెరిగిన బేరము

క్రొత్త వస్తువును కొనువాడు వస్తువును మాత్రమే కొనును. పాత వస్తువును కొనువాడు దానితోపాటు దాని గతమును గూడ కొనును. ఆ గతము అమ్మువానికి తెలిసినంతగా కొనువానికి తెలియదు. అందుచేతనే పాతసరుకుల అంగడిలో ధర్మప్రశ్న ఎల్లప్పుడును పొంచియుండును. ఒక పాత గిటారును ఉదాహరణముగా తీసికొందము.

గిటారు నిత్యము బరువును భరించు వాద్యము. ఉక్కు తీగలు ఆరింటిని శ్రుతి చేసినపుడు వాని లాగుడు సుమారు 70 కిలోలుండును. ఏండ్ల తరబడి సాగిన ఆ లాగుడునకు దండి ముందునకు వంగును. తీగలనానించు గుర్రము అంటు విడిచి లేచును. దాని వెనుక పైపలక ఉబ్బును. పొడిగాలికి పలక నెఱియ విచ్చును. ఈ దోషములలో కొన్ని కంటికి కనబడును. కొన్ని వాయించి చూచినగాని బయటపడవు. లోపలి ఆనుకొయ్య ఊడుట వంటివి అద్దమును దీపమును లోనికి చొప్పించి చూచువానికే తెలియును.

తనకు తెలిసిన దోషమును అమ్మువాడు చెప్పవలెనా? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ.పూ. 44లో సిసిరో కర్తవ్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున, లోపములుగల ఇంటిని అమ్మజూపు మనుష్యుని ఊహించి, ఇద్దరు స్టోయిక్ తత్త్వవేత్తల వాదములను ఎదురెదురుగా నిలిపెను. చెప్పకుండుట వంచన యని ఆంటిపేటర్ పక్షము. అమ్మువాడు తన సరుకు తప్పులను తానే చాటుట తగదని డయోజినీస్ పక్షము. దాచుట తగదనియే సిసిరో తుదకు తీర్పు చెప్పెను. మనుస్మృతి క్రయవిక్రయానుశయమును వ్యవహారపదములలో ఒకటిగా నెంచి, బేరమును గూర్చి పశ్చాత్తాపము కలిగినవానికి పది దినముల గడువునిచ్చినది. 1872 నాటి భారత ఒడంబడికల చట్టము మాత్రము కేవల మౌనమును సామాన్యముగా మోసమనదు. దాని 17వ సెక్షనులోని ఉదాహరణము ప్రసిద్ధము. దోషముగల అశ్వమును వేలములో అమ్మువాడు ఆ సంగతి చెప్పక ఊరకున్నచో అది మోసము కాదు. కాని కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కూతురైనచో, చెప్పుట అతని విధి.

ఈ రెండు ఉదాహరణముల నడుమ అశ్వము మారలేదు, దోషము మారలేదు. కొనువారితోడి సంబంధము మాత్రమే మారినది. చట్టము న్యాయస్థానమున నిరూపింపదగిన కనీసమును అడుగును. ధర్మము అంతటితో తృప్తినొందదు. పరాయివానిని కన్నకూతురువలె చూడలేకపోవచ్చును. అతని డబ్బును కష్టార్జితమేయని తలచుట అసాధ్యము కాదు.

అయితే అమ్మువానినే బోనెక్కించి కొనువానిని విడిచిపెట్టుట న్యాయము కాదు. ఊరు విడిచిపోవు విద్యార్థియో, కొడుకు వదలిపోయిన వాద్యమును అమ్ముకొను తల్లియో ఎదుట నున్నారనుకొందము. గుర్రము కొంచెము లేచినది. దానిని ఊడదీసి మరల అంటించుట స్వల్పవ్యయముతో తీరు పనియని కొనువాడెరుగును. ఎరిగియు, “ఇక నిది వంటచెరకునకే పనికివచ్చును” అని పెదవి విరిచి, సగము ధరకు పట్టుకొనిపోవును. లోపమును దాచి అమ్ముట అసత్యమైనచో, లోపమును పెంచి కొనుటయు అసత్యమే. లోకము మొదటిదానిని మోసమనును. రెండవదానిని బేరమాడు నేర్పని మెచ్చుకొనును.

దీనికొక ఆక్షేపణ కలదు. ఆ జ్ఞానము అతడు ఏండ్లు కష్టపడి సంపాదించినది. దానిని ఉచితముగా పంచిపెట్టవలెనా? అక్కరలేదు. తన నేర్పు వలన కలుగు లాభమును అతడు పొందవచ్చును. తన మాట వలన ఎదుటివారికి కలిగిన భయమును మాత్రము సొమ్ము చేసికొనరాదు. “దీనిని బాగుచేయింపవలెను, అందుకగు ఖర్చును తగ్గించి ధర చెప్పుడు” అనుటలో బేరమును ఉన్నది, సత్యమును ఉన్నది.

ఇక మూడవవాడు మరమ్మతుచేయువాడు. పూర్వపు వాద్యకారులు పశుచర్మములను కాచి తీసిన జిగురుతో అతుకులు వేసిరి. వేడియు తేమయు తగిలించినచో ఆ జిగురు పట్టు విడుచును. కొయ్య చెడకుండ అతుకు విప్పి, లోపల చక్కబరచి మరల మూయవచ్చును. మంచి మరమ్మతునకు ఇదియే నియమము: తరువాత రాబోవు పనివానికి త్రోవ మూయరాదు. నెఱియపై రంగు పూసి మెరుగుపెట్టువాడు వాద్యమునకు గాక, అమ్మకమునకు సేవచేయును.

అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కంటితో చూడకయే కొన్న మార్టిన్ గిటారు ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. ఏండ్ల తరబడి మీటుటచే దాని పైపలక అరిగి పెద్ద రంధ్రము పడినది. పనివారు లోపలి కొయ్యలకు బలము చేకూర్చిరి, పలకను కాపాడిరి. రంధ్రమును మాత్రము కప్పలేదు. వాద్యము పలుకుటకు కావలసినది చేసిరి, అది గడచిన త్రోవను చెరపలేదు.

బాగుపడిన గిటారు ఒకనాడు మరల అంగడికి రాకపోదు. ఆనాడు నేటి కొనువాడే అమ్మువాడగును. అతుకు ఎంత నేర్పుగా కుదిరినను, అచ్చట అతుకున్నదని చెప్పవలసినవాడు ఆతడే. కొనునాడు ఇతరులనుండి కోరిన సత్యమును అమ్మునాడు తానీయగలడా యన్నదే అతని ధర్మబుద్ధికి అసలు పరీక్ష.