పూడిన బావులను తిరిగి త్రవ్వుదాం



ఆదికాండము 26వ అధ్యాయం ఒకసారి చదవండి. అబ్రాహాము కాలంలో త్రవ్విన బావులను ఫిలిస్తీయులు అసూయతో మట్టిపోసి పూడ్చివేశారు. ఈసాకు వాటిని తిరిగి త్రవ్వించాడు. గెరారు లోయలో కొత్త ఊట పడగానే, ఆ నీళ్లు తమవేనని అక్కడి కాపరులు జగడానికి వచ్చారు. రెండవ బావి దగ్గరా తగవే. మూడవ బావి దగ్గర మాత్రం ఎవరూ పోట్లాడలేదు. దానికి ఆయన రహోబోతు, అనగా విశాలస్థలం, అని పేరు పెట్టాడు. మొదటి రెండు చోట్ల కరువైనది నీరు కాదు, మనసు.

నేల ఎడారి కావటమంటే ఎక్కడినుండో ఇసుక నడచిరావటం మాత్రమే కాదు. చెట్లు నరికి, పచ్చికను మొదలంటా మేపితే పైమట్టి గాలికి, వానకు కొట్టుకుపోతుంది. మిగిలిన నేల గట్టిపడి, కురిసిన వానను కూడా త్రాగలేదు. సహారాకు దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతానికి 1970లలో ఘోరమైన కరువుతోపాటు ఈ గతి పట్టింది. 1980 మే నెలలో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు వాగడూగు నగరంలో నిలబడి ఆ ప్రజల మొరను లోకానికి వినిపించారు. 1984లో ఆయన పేరిట సాహెల్ కోసం ఒక సంస్థ వెలిసింది. తొమ్మిది దేశాల పీఠాధిపతులు కలిసి దానిని నడుపుతున్నారు.

1994 జూన్ 17న పారిస్‌లో ప్రపంచ దేశాలు ఎడారీకరణను అరికట్టే ఒడంబడికకు ఒప్పుకున్నాయి. నేడు అందులో 196 దేశాలు, ఐరోపా సమాఖ్య ఉన్నాయి. మన దేశం 1996లోనే చేరింది. ఆ నేలమీద బ్రతికేవారి మాట విని పనిచేయాలన్నది దాని మూలసూత్రాల్లో ఒకటి.

అది ఎంత నిజమో బుర్కినా ఫాసో రైతు యాకూబా సవదోగో చూపించారు. ఆయన ముస్లిం సోదరుడు. వానలకు ముందే గట్టినేలలో చిన్నచిన్న గుంటలు త్రవ్వి, పెంటవేసి, తొలివానను అక్కడే ఆపి పంట తీశారు. తెలిసినది దాచుకోక తోటి రైతులకు నేర్పారు. బీడులో అడవినే పెంచారు. 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం పొంది, 2023లో కన్నుమూశారు.

ఇది మనకు దూరపు సంగతా? అనంతపురం జిల్లాలో ఏటా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. అటువంటి నేలలో పొరుగువాడు మూడువందల అడుగుల బోరు వేస్తే మనం అయిదువందలు వేస్తాం. ముందు అతనిది ఎండుతుంది, తరువాత మనది. ఇద్దరికీ మిగిలేది అప్పు. సొత్తు మనదే అయినా, దాని వాడకంలో పొరుగువాని అవసరాన్ని చూడాలని పునీత అక్వినాసు తోమాసు బోధించారు. భూమి క్రింది నీటికి గట్లు లేవు కదా! కనుక ఈ వారమే మీ గట్టు అవతలి రైతుతో మాట్లాడండి. ఒకే బోరును పంచుకోవటం గురించి, చెరువు పూడిక గురించి, వాననీటిని ఆపే గుంటల గురించి మాట్లాడండి.

చివరకు ఈసాకును వెళ్లగొట్టిన అబీమెలెకు రాజే సంధికి వచ్చాడు. ఈసాకు విందు చేశాడు. ఉదయమే ఇద్దరూ ప్రమాణం చేసుకున్నారు. ఆ రోజే సేవకులు పరుగున వచ్చి, బావిలో నీరు పడిందని చెప్పారు.

ప్రభువు మిమ్మును, మీ పొలాలను దీవించునుగాక!