వృద్ధాప్యపు సొమ్ము ఎవరిది?

రెండేండ్ల క్రిందట వర్షాకాలములో ఒక ఆదివారము, ఆరాధన ముగిసిన తరువాత, మా ముత్యంపేట సంఘములోని ఒక తల్లి వేపచెట్టు క్రింద నిలిచి, "అయ్యగారూ, నా పైసలు నా పేరు మీద పెట్టుకుంటే పాపమైతదా?" అని అడిగెను. ముప్పది సంవత్సరములు బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. అరువదియేండ్లు నిండినవి. పి.ఎఫ్. సొమ్ము లక్షా ఇరువది వేలు చేతికి వచ్చినది. కుమారుడు దుబాయి వీసాకు ఆ సొమ్మంతయు ఇమ్మనుచున్నాడు. "ఇయ్యకుంటే నువ్వు తల్లివేనా అంటున్నడు" అని కొంగుతో కన్నులు తుడుచుకొనెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ప్రార్థన చేసి పంపితిమి. కాని ప్రార్థన చేసి పంపుట కొన్నిసార్లు జవాబు తప్పించుకొనుటయే యని ఆ రాత్రి మాకు తోచెను. ఇది ఆమె యొక్కతె ప్రశ్న కాదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో తునికాకు కత్తిరించని వీధి యేది? గల్ఫునకు మనిషిని పంపని వాడ యేది? అందుచేత ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట ఆ సొమ్ము ఎట్టిదో చూడవలెను. 1952 నాటి ప్రావిడెంటు ఫండు చట్టమును బీడీ పరిశ్రమకు 1977లో వర్తింపజేసిరి. ఇంటియొద్ద కూర్చుండి చుట్టువారు మా కార్మికులు కారని యజమానులు వాదించిరి. వారును కార్మికులేయని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున అది లాటరీ సొమ్ము కాదు, ఎవరో ఇచ్చిన దానము కాదు. ఆమె కూలిలోనుండి కోసిపెట్టినదియు, యజమాని తన వంతుగా కలిపినదియు కూడిన సొమ్ము. కన్నులు మసకబారి, వ్రేళ్లు వంగని దినములకై దాచబడిన కూలి అది. పింఛను సంగతి మీరెరుగుదురు. 2014 సెప్టెంబరులో కనీసము నెలకు 1,000 రూపాయలని నిర్ణయించిరి. బియ్యము తెచ్చిన నూనె రాదు, నూనె తెచ్చిన మందులు రావు.

రేపటిని గూర్చి చింతింపవద్దని ప్రభువు చెప్పలేదా, దాచుకొనుట అవిశ్వాసము కాదా యని మన సంఘములలో కొందరు భక్తిపరులు అడుగుదురు. వారికి మన్నా సంగతి జ్ఞాపకము చేయుదుము. మరునాటికి దాచిన మన్నా పురుగు పట్టెను. ఆరవ దినమున దాచిన మన్నా చెడిపోలేదు. రెండును ఒకే మన్నా గదా! దేవుడు పని చేయుమన్న దినములలో దాచినది పాడైనది. పని చేయకుండ విశ్రమించుమన్న దినముకొరకు దాచినది నిలిచినది. వృద్ధాప్యము అట్టి విశ్రాంతి దినమే యని మా తలంపు.

బిడ్డలకు ఇచ్చుట ప్రేమ గదా యనునది రెండవ మాట. ఇది కఠినమైనది. తల్లిదండ్రులు పిల్లలకొరకు కూర్చవలెనని పౌలు కూడ కొరింథీయులకు వ్రాసెను. అయితే తప్పిపోయిన కుమారుని తండ్రిని చూడుడి. అడిగినప్పుడు ఆస్తి పంచెను. కాని ఇల్లు విడువలేదు, పొలము విడువలేదు, పనివారిని విడువలేదు. ఆ తండ్రియే సమస్తము వదలుకొని ఎవరి పంచలోనో పడియున్నయెడల, కుమారుడు తిరిగివచ్చుటకు గుమ్మమెక్కడ? వధించుటకు క్రొవ్విన దూడ యెక్కడ? తల్లి చేతిలో నిలిచిన సొమ్ము ఒక్కొక్కప్పుడు బిడ్డ తిరిగివచ్చు గుమ్మమగును.

"బిడ్డ నన్ను చూడకపోతడా" అని ఆమె యనెను. చూచును, చూడగలిగినంత కాలము. 2015 డిసెంబరు వరకు మన ఊరి చక్కెర ఫ్యాక్టరీ ఆగునని ఎవరు తలంచిరి? ఆ ఉద్యోగమును నమ్మి పిల్లల పెండ్లిండ్లకు అప్పు చేసినవారు చెడ్డవారు కారు. వారి మనస్సు మంచిదే, ఆధారము ఒక్కటే. ఇల్లు, పొలము వ్రాసి ఇచ్చువారి కొరకు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము వచ్చినది. చూచుకొందునను షరతుతో పుచ్చుకొని చూడనిచో, ఆ వ్రాతను రద్దు చేయించుకొనవచ్చును. కన్నవారికి అట్టి చట్టము కావలసివచ్చుట ఎంత సిగ్గు!

మేమేమో తెలివిగలవారమని అనుకొనకుడి. నెలకు వేయి రూపాయల చొప్పున పదునెనిమిది నెలలు మేము ఒక చిట్టీలో కట్టి పోగొట్టుకొంటిమి. రిజిస్టరైన చిట్టీ కాదు. ఆ మనుష్యుని ప్రార్థన దీర్ఘముగా నుండుటచే కాగితము అడుగలేదు. మన రెండు రాష్ట్రములలో అగ్రిగోల్డు నందు సొమ్ము కట్టిన లక్షలాది కుటుంబములు 2015 నాటికి వీధినపడినవి గదా. బ్యాంకు వడ్డీ కంటె మిక్కిలి హెచ్చుగా ఇత్తుమనువానిని, ఆ హెచ్చు ఎచ్చటనుండి వచ్చునని అడుగుట పాపము కాదు. బ్యాంకులో వేసిన సొమ్ముకైనను 2020 ఫిబ్రవరినుండి ఐదు లక్షల వరకే బీమా కలదు.

తరువాతి శుక్రవారము కుమారుని పిలిచి కూర్చుండబెట్టితిమి. ఏజెంటు లక్షా ఇరువది వేలు అడిగెనట. లైసెన్సుగల ఏజెంటు 30,000 రూపాయలును దానిమీది పన్నును మించి తీసికొనరాదని 2017 నుండి నిబంధన కలదని చెప్పితిమి. అతడు నమ్మలేదు. మమ్మును తల్లి పక్షమని కోపించెను. నూటికి రెండు రూపాయల మిత్తి అనగా లక్షకు సంవత్సరమునకు ఇరువది నాలుగు వేలని లెక్కవేసి చూపినప్పుడు మాత్రము తల వంచుకొనెను. తల్లి సొమ్ముకు మిత్తి లేదని అనుకొనెను గాని, అది లేనినాడు ఆమె మందులకు ఆ మిత్తికే తేవలసివచ్చునని అతనికి తోచలేదు.

చివరకు ఆమె నలుబది వేలు కుమారునికి ఇచ్చెను. ఎనుబది వేలు తపాలా కార్యాలయములో వృద్ధుల పొదుపు పథకమందు ఐదేండ్లకు వేసెను. 2023 ఏప్రిల్‌లో నూటికి 8.2గా నిర్ణయించిన వడ్డీ ప్రకారము మూడు నెలలకొకసారి 1,640 రూపాయలు వచ్చును. నామినీగా కుమారుని పేరే వ్రాయించెను. అతడు వారము దినములు తల్లి వండిన అన్నము ముట్టలేదు. తరువాత జగిత్యాలలో లైసెన్సుగల ఏజెంటును వెదకుకొని, తక్కువైనదానికి చేబదులు తెచ్చి, వెళ్లెను. ఆ చేబదులు తీరుటకు ఎనిమిది నెలలు పట్టెను.

ఇప్పుడు ఆదివారము ఆదివారము ఫోను చేయుచున్నాడు. పాసుబుక్కు జాగ్రత్తగా ఉన్నదా, ఎక్కడ పెట్టితివని అడుగుచున్నాడట. ఉన్నదని మాత్రము ఆమె చెప్పును. ఎక్కడనో మాకు తెలియును గాని ఇచ్చట వ్రాయము.