ఊపిరి ఎవరిది, పేరు ఎవరిది?

గాజుతో శిల్పము చేయగోరిన యువకునకు కొలిమిశాలలో మొదట నేర్పునది ఊదుట కాదు, త్రిప్పుట. ఇంచుమించు నాలుగున్నర అడుగుల బోలు ఇనుపగొట్టము చివర, 1100 డిగ్రీల వేడిలో పాకమువలె సాగుచున్న గాజుముద్దను చుట్టి తీసి, అది నేలకు జారకుండ గొట్టమును ఎడతెగక త్రిప్పుచునే యుండవలెను. చేయి క్షణకాలము ఆగినచో ముద్ద ఒక ప్రక్కకు ఒరగిపోవును. ఈ త్రిప్పుట చేతికి అలవడి, మనస్సు దానిని మరచిపోవుటకే నెలలు పట్టును. ఊపిరి తరువాతి మాట. అదియును చూచువారు తలచునంత బలముగా ఊదవలసినది కాదు. కొంచెము ఊది గొట్టము నోటిని బొటనవ్రేలితో మూసినచో, లోని గాలి వేడికి వ్యాకోచించి తానే బుడగను పెంచును.

రెండవ పాఠము ఇంతకంటె కష్టమైనది. ఒంటరిగా ఏ పెద్ద పనియు సాగదని ఆ యువకుడు తెలిసికొనవలెను. పాత్ర పెద్దదగుకొలది, పీటపై కూర్చుండి గొట్టమును త్రిప్పుచు ఆకృతి దిద్దువాడొకడు, గొట్టము రెండవ కొననుండి ఊదువాడొకడు, సెగ తగులకుండ చెక్కపలకను అడ్డుపెట్టువాడొకడు, కొత్త ముద్ద తెచ్చువాడొకడు కావలెను. వీరిలో ఎవడు తడబడినను పాత్ర నేలపాలగును. అంతయు సరిగా జరిగినను దానిని వేరొక పొయ్యిలో రాత్రియంతయు మెల్లమెల్లగా చల్లార్పవలెను. పైపొర ముందు చల్లారి, లోపొర వెనుకబడినచో, లోపల అణగియున్న బిగువు ఏనాడో ఒకనాడు పాత్రను పగులగొట్టును.

ఇట్లు నలుగురి చేతులలో పుట్టిన వస్తువుపై ఒక్కని పేరు వ్రాయుట న్యాయమా? ఈ ప్రశ్న నన్ను చాలకాలముగా వేధించుచున్నది.

అమెరికాలో హార్వీ లిటిల్టన్ దీనికొక సమాధానము వెదకెను. 1962లో టొలీడో నగరపు కళాప్రదర్శనశాల ఆవరణలో అతడు చిన్న కొలిమి నిర్మించెను. మొదట గాజు సరిగా కరగలేదు. డొమినిక్ లబినో సూచనపై గాజుగోలీలను కరగించి చూడగా పని సాగెను. కర్మాగారపు పరిచారకబృందము లేకయే, కళాకారుడు తన కొలిమిలో, తన చేతితో, తన ఊహను రూపొందించుకొనవచ్చునని అచటివారు నిరూపించిరి. ఊహయు చేయియు ఒక్కరివే యైనచో పేరును గూర్చిన తగవే లేదు.

కాని ఈ సమాధానము ఎంతోకాలము నిలువలేదు. లిటిల్టన్ వద్ద చదివిన డేల్ చిహూలీ 1968లో మురానో ద్వీపమునకు పోయి, వెనీనీ కర్మాగారమున మేస్త్రీలు బృందముగా పనిచేయుట చూచెను. 1976లో ప్రమాదమున ఒక కన్నును, 1979లో భుజబలమును కోల్పోయిన పిదప అతడు స్వయముగా పీటపై కూర్చుండుట మానెను. నాటినుండి అతడు చిత్రించి చూపగా ఇతరులు ఊదుచున్నారు. పేరు మాత్రము అతనిదే. దీనిని మోసమనలేము. అదే వెనీనీలో 1932 మొదలు 1947 వరకు రూపకల్పనలు చేసిన వాస్తుశిల్పి కార్లో స్కార్పా కూడ ఊదినవాడు కాడు. అతని ఊహలకు ప్రాణము పోసిన మేస్త్రీలలో బొబోలి అనబడు ఆర్తూరో బియాసుట్టో ఒకడు. స్కార్పా పేరు లోకమెరుగును. బొబోలి పేరు గాజును ప్రేమించు కొద్దిమంది ఎరుగుదురు.

మన దేశమున పేరు కోరకపోవుటయే కళాధర్మమనియు, పూర్వశిల్పులు తమ పేరు చెక్కుకొనలేదనియు కొందరు పెద్దలు గర్వముగా చెప్పుచుందురు. ఇది నిజము కాదు. బేలూరున దాసోజుడును, సోమనాథపురమున మల్లితమ్మయు తమ పేరులను రాతిపైననే చెక్కిరి. పేరును త్యజించుట గొప్పయే కావచ్చును. కాని ఎన్నడును చేతికి రానిదానిని త్యజించుట ఎట్లు?

ఫిరోజాబాదు చూచినవారికి నా మాట అర్థమగును. అచట కరగిన గాజుతీగను తిరుగుచున్న కడ్డీపైకి లాగి, చుట్టగా చుట్టి, కోసి, వలయములు చేయుదురు. తెలుగున గాజు అను ఒక్కమాటయే పదార్థమునకును చేతి ఆభరణమునకును చెల్లుచున్నది. ఆ ఊరిలోను ఈ రెండింటిని వేరుచేయుట కష్టమే. కోసిన వలయముల కొనలు కలియవు. అవి ఇండ్లకు పోవును. స్త్రీలు, ఒకప్పుడు పిల్లలును, దీపజ్వాలపై వాటిని వంచి కొనలు కలుపుదురు. 1996లో సుప్రీంకోర్టు తాజమహలు రక్షణకై ఇచ్చిన తీర్పువలన కొలుములు బొగ్గును విడిచి వాయువునకు మారినవి; పాలరాతికి మేలు జరిగెను. కొనలు కలుపు కన్నుల మాట ఆ తీర్పులోనిది కాదు.

ఆ భట్టీలయొద్ద ముద్ద తీయువాని చేతి లాఘవమునకు ఏ కళాశాల విద్యార్థియు సాటిరాడు. ఐనను అతడు కూలి, ఇతడు కళాకారుడు. భేదము నైపుణ్యమున లేదు. తన కోరికను వెంబడించి ఒక పాత్రను పదిసారులు పగులగొట్టుకొను తీరిక ఒకనికి కలదు, రెండవవానికి లేదు. పగిలినది వాని కూలిలో తగ్గును. మన కవులు మణిని మెచ్చుటకై కాచమును చిన్నబుచ్చిరి. ఆ చిన్నతనము దానిని చేయువానికి కూడ అంటినదేమో!

కావున ఆశపడుట తప్పని యువశిల్పికి నేను చెప్పను. అతడు మురానోకు పోవచ్చును, తన పేరు సంపాదించుకొనవచ్చును. లీనో తాల్యాపియెత్రా 1979లో అమెరికాకు పోయి, 1291 నుండి ఆ ద్వీపమున కట్టుబడిన విద్యను పరదేశీయులకు నేర్పినప్పుడు స్వజనులు నిందించిరి. అతడు చేసినదే మంచిదని నా అభిప్రాయము. కాని ఫిరోజాబాదులో నేర్చినవాడు ప్రదర్శనశాలలో తన శిల్పము ప్రక్క పెట్టు అట్టముక్కపై, ముద్ద తీసినవాని పేరును, ఊదినవాని పేరును కూడ వ్రాయవలెను. కొనువాడు ఒక్క పేరే కోరునని వర్తకులు అందురు. అది వర్తకుని ఇబ్బంది. ఆ అట్టపై ఎత్తు ఎన్ని అంగుళములో, వెడల్పు ఎన్ని అంగుళములో వ్రాయుటకు ఇప్పటికే చోటున్నది.